గేమ్ మ్యాప్ పెంచుతున్నారా? స్కేలు, దూరాలు చెడకుండా పెంచే పద్ధతి

గేమ్‌లో మ్యాప్ పెంచుదాం అనుకోగానే చాలామంది ఎంజిన్ తెరిచి, టెర్రెయిన్ సైజు దగ్గర 8 ఉన్నచోట 16 కొట్టేస్తారు. నేల పెరుగుతుంది, డౌట్ లేదు. ఆ వెంటనే మినీమ్యాప్‌లో బండి గుర్తు రోడ్డు వదిలేసి హుస్సేన్ సాగర్‌లో తేలుతుంది, జీపీఎస్ 12 కిలోమీటర్లని చూపించిన ట్రిప్పు రెండు నిమిషాల్లో అయిపోతుంది, పాత సేవ్ ఫైల్ ఉన్నవాడి బస్సు ఫ్లైఓవర్ దిమ్మెలో సగం ఇరుక్కుని కనిపిస్తుంది. నేల మారింది, దాని మీద ఆధారపడ్డ లెక్కలు మారలేదు, అంతే.

సొంతంగానో ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్‌తోనో ఓపెన్ వరల్డ్ గేమ్ చేసుకుంటున్నవాళ్లకీ, ట్రక్ గేమ్‌లకి మ్యాప్ మోడ్లు కట్టేవాళ్లకీ ఇది పనికొస్తుంది. ఉదాహరణగా మన హైదరాబాదునే తీసుకుంటున్నా. చార్మినార్‌ని మధ్యలో పెట్టుకుని చేసిన సిటీ డ్రైవింగ్ మ్యాప్ ఒకటి రెడీగా ఉందనుకోండి. దాన్ని ఔటర్ రింగ్ రోడ్డు దాకా, అక్కణ్ణుంచి వరంగల్, విజయవాడ దాకా పెంచాలి.

అడుగు 1: మీ గేమ్‌లో ఉన్న మూడు స్కేళ్లు రాసుకోండి

స్కేలు అనగానే 1:20 అనో 1:10 అనో ఒక్క నంబర్ చెప్పేస్తాం కానీ, నడిపే గేమ్‌లో స్కేళ్లు మూడుంటాయి. నిజంగా ఉన్న దూరాన్ని గేమ్ నేల మీద ఎంతకి కుదించారన్నది మొదటిది. గేమ్ గడియారం మన గడియారం కన్నా ఎన్ని రెట్లు వేగంగా తిరుగుతుందన్నది రెండోది. నేల మీద ఒక మీటరు నడిస్తే తెర మీద ఎన్ని మీటర్లని చూపిస్తారన్నది మూడోది. ఈ మూడూ ఒకే అంకె మీద ఉన్నంతసేపు ఆటగాడికి ఏ తేడా కనిపించదు. ఒకటి పక్కకి జరిగిందా, స్పీడోమీటర్ 80 చూపిస్తుంది, గంట గడుస్తుంది, జీపీఎస్ మాత్రం 40 కిలోమీటర్లే తగ్గిస్తుంది.

యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో దీన్ని బాగా చూడొచ్చు. 2012లో ప్రాగ్‌కి చెందిన ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ తెచ్చిన గేమ్ అది. అందులో యూరప్ హైవేలు సుమారు 1:19, బ్రిటన్ 1:15, ఊళ్ల లోపల 1:3. ఊళ్లోకి దిగగానే గేమ్ గడియారం కూడా నెమ్మదిస్తుంది. అందుకే ఖండాన్ని అరచేతిలో పెట్టినట్టు కుదించినా, డ్రైవర్ సీట్లో కూర్చున్నవాడికి మోసం చేస్తున్నారనే అనుమానం రాదు.

మీ మ్యాప్‌కి ఈ మూడూ ఎంతెంత ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. కోడ్‌లో ఒకే పేరుతో ఒకే వేరియబుల్ ఉందంటే, ఇవాళే దాన్ని మూడుగా విడగొట్టేయండి, విలువలు ప్రస్తుతానికి ఒకటే అయినా సరే.

అడుగు 2: ఏ రకంగా పెంచుతున్నారో తేల్చుకోండి

పాత నేలని ముట్టుకోకుండా అంచున కొత్త నేల అతికించడం ఒక రకం. యూరో ట్రక్‌లో 2013 నుంచి ఇదే పద్ధతి: తూర్పు యూరప్, స్కాండినేవియా, ఫ్రాన్స్, ఇటలీ, ఇలా ఒక్కోటీ పక్కన వచ్చి చేరాయి. ఉన్న ఊళ్ల మధ్య దూరాలు దాదాపు అలాగే ఉంటాయి, కొత్తగా పొడుగు ట్రిప్పులు పుడతాయి.

స్కేలునే మార్చి పాత నేలని సాగదీయడం రెండోది. అదే కంపెనీ 2016 ఫిబ్రవరిలో అమెరికన్ ట్రక్ సిమ్యులేటర్‌ని 1:35 స్కేలులో విడుదల చేసింది. రాష్ట్రాలు మరీ ఇరుకుగా ఉన్నాయని ఆటగాళ్లు గోల పెట్టడంతో ఆ ఏడాది చివర్లోనే మ్యాప్ మొత్తాన్ని 1:20కి మార్చారు. 35ని 20తో భాగిస్తే 1.75. అంటే ప్రతి రోడ్డూ 1.75 రెట్లు పొడుగైంది, ఆ పొడుగులో కొత్తగా కొండలు, పల్లెలు, కూడళ్లు పెట్టాల్సి వచ్చింది. విస్తీర్ణం మాత్రం 1.75 రెట్లు కాదు, దాని వర్గం, అంటే మూడు రెట్ల పైనే.

ఈ వర్గం సంగతి చాలామంది మర్చిపోతారు. హైదరాబాదు విషయంలోనే చూడండి. 2007 ఏప్రిల్‌లో పాత మున్సిపల్ కార్పొరేషన్‌లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేసినప్పుడు విస్తీర్ణం సుమారు 175 నుంచి 650 చదరపు కిలోమీటర్లకి పోయింది. చతురస్రం అనుకుని లెక్కేస్తే అడ్డం పొడుగు రెట్టింపు కూడా కాలేదు, విస్తీర్ణం మాత్రం 3.7 రెట్లైంది. వీధి దీపాలూ చెత్త బళ్లూ ఏ లెక్కన పెంచాలో కార్పొరేషన్ వాళ్లకి తెలుసు. మీ గేమ్‌లో చెట్లు, ఇళ్లు, ట్రాఫిక్ కూడా విస్తీర్ణం లెక్కనే పెరగాలి, లేకపోతే పెద్ద మ్యాప్ ఎడారిలా ఉంటుంది. ఉన్నది ముగ్గురే, మూడు నెలల్లో కట్టిన మ్యాప్‌ని అడ్డం, పొడుగు రెండూ రెట్టింపు చేద్దాం అనుకుంటే, అదనంగా తొమ్మిది నెలల పని పెట్టుకున్నట్టే.

మూడో రకం ఇంకోటుంది, అది చిక్కు రకం: హద్దు జరిపితే లోపలి నిష్పత్తి కూడా తనంతట తను మారడం. మైన్‌క్రాఫ్ట్ పాత కన్సోల్ ఎడిషన్లలో ప్రపంచం సైజుని బట్టి నెదర్ (పోర్టల్ అనే తలుపు గుండా వెళ్లే కింది లోకం) నిష్పత్తి, అంటే అక్కడ ఒక అడుగు పైన ఎన్ని అడుగులకి సమానమో, వేరుగా ఉండేది. 864 బ్లాకుల క్లాసిక్ ప్రపంచంలో 3, మీడియంలో 6, లార్జ్‌లో 8. మీరు క్లాసిక్‌లో 300 దగ్గర పోర్టల్ కట్టుకుంటే నెదర్‌లో అది 100 దగ్గర తేలేది. అదే ప్రపంచాన్ని లార్జ్‌కి పెంచితే, నెదర్‌లో అదే 100 ఇప్పుడు పైన 800 అన్నమాట. పోర్టల్ ఉన్నచోటే ఉంది, దారి మాత్రం ఎక్కడికో పోతుంది. ఫాస్ట్ ట్రావెల్ (నడపకుండా క్షణంలో ఇంకో చోటికి పోవడం), సొరంగం, మెట్రో లాంటి అడ్డదారులు మీ గేమ్‌లో ఉంటే ఈ ఉదాహరణ గుర్తు పెట్టుకోండి. వాటి రెండు కొసలనీ నిష్పత్తితో లెక్కగట్టకుండా, ఈ తలుపు ఆ తలుపుకి అని పేరుతో ముడేయండి.

నా సలహా: మొదటి రకంతో పని జరిగితే రెండోదాని జోలికి పోకండి. ఆటగాళ్లకి అలవాటైన వీధిని సాగదీస్తే పాత మలుపులన్నీ వాళ్లు మళ్లీ నేర్చుకోవాలి.

అడుగు 3: కిలోమీటర్లు పక్కన పెట్టి నిమిషాల పట్టిక వేయండి

127కే బస్సులో రోజూ తిరిగేవాణ్ణి కోఠి నుంచి కొండాపూర్ ఎంత దూరమని అడగండి. కిలోమీటర్లు చెప్పడు, గంటన్నర అంటాడు, వర్షం పడితే దేవుడే దిక్కు అంటాడు. గేమ్ ఆడేవాడికీ దూరమంటే సమయమే. పబ్‌జీలో ఎరాంజెల్ మ్యాప్ 8 కిలోమీటర్లకి 8 కిలోమీటర్లు, ఆయుధం లేకుండా పరుగెత్తే వేగం సెకనుకి 6.3 మీటర్లు, అంటే ఒక అంచు నుంచి ఇంకో అంచుకి 21 నిమిషాలు. సాన్‌హోక్ మ్యాప్ 4కి 4, పొడుగు సగం, కానీ అవే వంద మందిని దించుతారు కాబట్టి మనిషికి దక్కే నేల నాలుగో వంతు. అందుకే అక్కడ దిగీ దిగగానే కాల్పులు.

మరి మన మ్యాప్‌కి వద్దాం. చార్మినార్ నుంచి కొన్ని చోట్లకి సరళ రేఖలో దూరాలు: గోల్కొండ 8.2, సికింద్రాబాద్ స్టేషన్ 8.5, సైబర్ టవర్స్ 14, శంషాబాద్ విమానాశ్రయం 14 కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డు వంకర్ల కోసం వీటిని 1.3తో గుణించండి, ముందు అంచనాకి అది చాలు. సైబర్ టవర్స్‌కి 18 కిలోమీటర్లు వస్తుంది. సిటీ స్కేలు 1:3 అయితే నేల మీద 6 కిలోమీటర్లు, గంటకి 40 వేగంతో 9 నిమిషాలు. బాగుంది, ఒక ట్రిప్పుకి తగ్గ నిడివి.

ఇప్పుడు ఔటర్. మొత్తం 158 కిలోమీటర్లు. హైవే కదా అని 1:20 పెట్టారనుకోండి, నేల మీద 7.9 కిలోమీటర్లే, గంటకి 100తో పోతే ఐదు నిమిషాల్లోపు చుట్టు పూర్తి. పాతబస్తీ నుంచి హైటెక్ సిటీకి తొమ్మిది నిమిషాలు, ఊరంతా చుట్టి రావడానికి ఐదు! అలాగని ఔటర్‌కి కూడా 1:3 పెడితే 32 నిమిషాలు, ఎవడూ రెండోసారి తిరగడు. వరంగల్ సుమారు 145 కిలోమీటర్లు, 1:20లో 80 వేగంతో ఐదున్నర నిమిషాలు, 1:3లో 36.

ఇలాంటి పట్టిక ఒకటి వేసుకుని, ముఖ్యమైన ప్రతి జంటకీ "ఎన్ని నిమిషాలుంటే విసుగు రాదు, ఎన్ని నిమిషాలుంటే దూరమనిపిస్తుంది" అని ముందు రాయండి. స్కేలు దాన్నుంచి వెనక్కి లెక్కగట్టి తీయండి. మ్యాప్ ఎంత పెరిగినా గట్టిగా పట్టుకోవాల్సింది ఈ పట్టికనే. మిగతా అంకెలన్నీ దీని కోసం మారతాయి.

అడుగు 4: ఒకదాంట్లో ఒకటి పడుతుందో లేదో చూడండి

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. పైన ఔటర్‌కి 1:20 పెడితే సమయమే కాదు, జామెట్రీ కూడా కుదరదు. 158 కిలోమీటర్ల చుట్టుకొలతని గుండ్రం అనుకుంటే వ్యాసార్థం 25 కిలోమీటర్లు. 1:20లో అది 1.26 కిలోమీటర్లు. మన సిటీ 1:3లో ఉంది కాబట్టి చార్మినార్ నుంచి సైబర్ టవర్స్ 4.7 కిలోమీటర్ల దూరంలో కూర్చుంది. అంటే హైటెక్ సిటీ ఔటర్ బయట, దాదాపు మూడున్నర కిలోమీటర్ల అవతల! కొత్త బిందెలో పాత గంగాళం పెట్టబోయినట్టుంటుంది.

దీనికి రెండు దారులున్నాయి. ట్రక్ గేమ్‌లు వాడేది మొదటిది: ఊరిని ఊరుగా కట్టరు. పెద్ద మ్యాప్ మీద ఊరు ఉండాల్సిన బిందువు దగ్గర నాలుగు వీధులు, ఒక గోడౌన్, ఒక గుర్తుపట్టే కట్టడం పెట్టి, ఆ కాసింత చోటుని 1:3 అంటారు. వరంగల్‌కీ, సూర్యాపేటకీ ఇది చక్కగా సరిపోతుంది. కానీ ఇప్పటికే పూర్తిగా కట్టిన హైదరాబాదుని అలా కత్తిరించలేం కదా.

రెండోది స్కేలుని లోపలి నుంచి బయటికి మెట్లుగా దించడం. ఔటర్‌ని 1:4కి పెట్టి చూడండి. పొడుగు 39.5 కిలోమీటర్లు, 100 వేగంతో 24 నిమిషాలు, వ్యాసార్థం 6.3 కిలోమీటర్లు. సైబర్ టవర్స్ 4.7 దగ్గర ఉంది కాబట్టి మధ్యలో 1.6 కిలోమీటర్లు మిగిలింది. నిజానికి ఆ పట్టీ వెడల్పు, మన గుండ్రం లెక్కలో, 25లోంచి 14 తీసేస్తే 11 కిలోమీటర్లు. 11ని 1.6తో భాగిస్తే దాదాపు 7. అంటే సిటీ 1:3, చుట్టూ పట్టీ 1:7, ఔటర్ దాటాక హైవే 1:20. అసలు ఔటర్ ఇంత గుండ్రంగా ఉండదు, పడమర పక్క సిటీకి దగ్గరగా వస్తుంది, కాబట్టి అటు నార్సింగి వైపు ఈ 7 కాస్తా తగ్గుతుంది, ఇటు ఘట్‌కేసర్ వైపు పెరుగుతుంది.

ఒక విషయం గమనించారా? అదే చోట రెండు స్కేళ్లు వచ్చాయి. ఔటర్ వెంబడి పోతే 4, సిటీ లోంచి ఔటర్ వైపు పోతే 7. కాబట్టి "ఈ ప్రాంతం స్కేలు ఇంత" అని మ్యాప్ మీద రంగులేసే పద్ధతి ఇక పనిచేయదు. స్కేలుని ప్రాంతానికి ఇవ్వకండి, రోడ్డు ముక్కకి ఇవ్వండి. ప్రతి రోడ్డు సెగ్మెంట్‌కీ లేన్లు, స్పీడ్ లిమిట్ రాసినట్టే ఒక స్కేలు అంకె కూడా రాయండి. మొదట్లో విసుగు పని, తర్వాత చాలా తలనొప్పులు తప్పుతాయి.

అడుగు 5: కుదించకూడనివి విడదీయండి

1:20 అన్నది దూరాలకే. వస్తువులు 1:1లోనే ఉండాలి. చార్మినార్ ఒక్కో పక్క దాదాపు 32 మీటర్లు, 20తో భాగిస్తే మీటరున్నర, దాని పక్కన నిలబెడితే ఆటోనే పెద్దగా కనిపిస్తుంది. లేన్ వెడల్పు 3.5 మీటర్లంటే ఎప్పుడూ 3.5 మీటర్లే. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి 754 మీటర్లు, అలాంటి గుర్తుపట్టే కట్టడాలకి పూర్తి పొడుగు ఇచ్చేయండి. జనం ఫొటో తీసుకునే చోటు అది.

ఇక్కడే ఖాళీ జాగా తినేసే సమస్య మొదలవుతుంది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు. 1:20లో 580 మీటర్లు. 6 మీటర్ల ఎత్తుకి బండి ఎక్కాలంటే 4 శాతం వాలులో 150 మీటర్ల ర్యాంపు కావాలి, దిగడానికి ఇంకో 150. మిగిలింది 280 మీటర్లు, ఎక్కామో లేదో దిగిపోతాం. 1:3లో అయితే 3.9 కిలోమీటర్లు, హాయిగా ఉంటుంది. మెట్రో ఇంకా ఘోరం: మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. 1:20లో లైన్ మొత్తం 1,450 మీటర్లు, స్టేషన్‌కి తలా 54 మీటర్లే వస్తాయి, స్టేషన్ ఒక్కటే వంద మీటర్ల పైన ఉంటుంది! 1:7లో కూడా స్టేషన్‌కి తలా 150 మీటర్లే వస్తాయి. కాబట్టి ఎక్కువ కుదించే చోట ఏవి ఉంచాలి, ఏవి ఎత్తేయాలి అన్నది ముందే నిర్ణయించాలి. అమీర్‌పేట ఎత్తేస్తే ఊరుకోరు, ఒక మామూలు స్టేషన్ లేకపోతే ఎవరూ అడగరు.

చిన్న పరీక్ష చెప్తా. రెండు గుర్తుల మధ్య నిజ దూరాన్ని స్కేలుతో భాగించి, ఆ మధ్యలో ఉండాల్సిన కట్టడాల అసలు పొడుగులన్నీ కూడండి. కూడిక సగం దాటితే స్కేలు మార్చండి, లేదా కట్టడాలు తగ్గించండి. సగం కన్నా ఎక్కువ నిండితే ఊరి మధ్య ఖాళీ అన్నది ఉండదు, ఖాళీ లేకపోతే దూరం తెలియదు.

అడుగు 6: గడియారం, జీపీఎస్ అతకండి

రోడ్డు ముక్కకి స్కేలు రాశారు కాబట్టి ఇక తేలిక. జీపీఎస్ చూపించే దూరం అంటే ఒక్కో ముక్క పొడుగుని దాని స్కేలుతో గుణించి కూడిన మొత్తం. గమ్యానికి సరళ రేఖ గీసి గుణించే పాత కోడ్ ఎక్కడైనా మిగిలిందేమో వెతికి తీసేయండి. మొదట స్కేలు ఒకటే కాబట్టి అది పనిచేసి ఉంటుంది, ఇప్పుడు తప్పు చూపిస్తుంది.

గడియారం బండి ఉన్న ముక్క స్కేలునే తీసుకోవాలి. కానీ 3 నుంచి 7కి, 7 నుంచి 20కి ఒక్కసారిగా ఎగిరితే ఎండ కదలిక కంటికి తెలిసిపోతుంది. ఔటర్ ఎక్కే టోల్ ప్లాజా దీనికి మంచి చోటు: బండి ఆగుతుంది, ఆ పది సెకన్లలో అంకెని మెల్లగా మార్చేయండి. ఆగే చోటు లేని కూడళ్లలో ర్యాంపు పొడుగునా మార్చండి.

గడియారం 20 రెట్లు తిరిగితే రోజు 72 నిమిషాల్లో అయిపోతుంది, 3 రెట్లైతే 8 గంటలు పడుతుంది. సిటీలోనే తిరిగేవాడు గంటసేపు ఆడినా పొద్దు మూడు గంటలే కదులుతుంది, పాపం వాడికి రాత్రి చార్మినార్ లైట్లు చూసే భాగ్యమే లేదు. అందుకే పడుకునే చోటో టీ కొట్టో పెట్టి సమయం దాటించే వీలు ఇవ్వండి. సూర్యుణ్ణి గడియారం నుంచి విడగొట్టడం కూడా చేస్తుంటారు కానీ, డెలివరీ గడువులున్న గేమ్‌లో నేనైతే ఒప్పుకోను. చేతి గడియారం మధ్యాహ్నం అంటుంటే ఆకాశం చీకటి పడితే, గడువు మీద నమ్మకం పోతుంది.

అడుగు 7: ఆరిజిన్ (కొలతలు మొదలయ్యే 0, 0 బిందువు) కదలకుండా మేకు కొట్టండి

మ్యాప్ బొమ్మ ఎడమ పై మూలని (0, 0) అనుకుని మొదలుపెట్టి ఉంటే, పడమరకో ఉత్తరానికో పెంచగానే ప్రతి వస్తువు కోఆర్డినేటూ మారిపోతుంది. చార్మినార్‌ని (0, 0) చేసి పెట్టండి, కొత్త నేల రుణ సంఖ్యల్లోకి పోతే పోనివ్వండి. మినీమ్యాప్‌లో స్థానాన్ని 0 నుంచి 1 మధ్య భిన్నంగా దాచే అలవాటుంటే మానేయండి. 8 కిలోమీటర్ల మ్యాప్‌లో 0.5 అంటే అంచు నుంచి 4 కిలోమీటర్లు, 16లో 8. బండి గుర్తు చెరువులో తేలడానికి అసలు కారణం ఇదే. ఎప్పుడూ మీటర్లు దాచండి, భిన్నం గీసేటప్పుడు లెక్కగట్టండి.

ఎంత దూరం పోవచ్చన్నది కూడా చూడాలి. మామూలు 32 బిట్ల ఫ్లోట్‌లో (ఎంజిన్ దశాంశ సంఖ్యలు దాచే రూపం) మీటర్లు దాస్తే, ఆరిజిన్ నుంచి 16.4 కిలోమీటర్లు దాటాక పక్కపక్క అంకెల మధ్య తేడా 2 మిల్లీమీటర్లు, ఎవరికీ కనపడదు. 131 కిలోమీటర్లు దాటితే దాదాపు 16 మిల్లీమీటర్లు. మన 1:20 హైవేలో విజయవాడ రోడ్డు 275 కిలోమీటర్లు నేల మీద 14 కిలోమీటర్లే కాబట్టి టెన్షన్ లేదు. అదే 1:1 కట్టాలనుకుంటే విజయవాడ సరళ రేఖలోనే 250 కిలోమీటర్లు, అక్కడ చక్రాలు రోడ్డు మీద వణుకుతాయి. అప్పుడు బండిని మధ్యలో ఉంచి ప్రపంచాన్నే జరిపే పద్ధతి కావాలి, లేదా అన్‌రియల్ 5లా 64 బిట్ల కోఆర్డినేట్లు ఇచ్చే ఎంజిన్ కావాలి.

అడుగు 8: మ్యాప్ బొమ్మ, కింద స్కేలు గీత

4096 పిక్సెళ్ల బొమ్మలో 8 కిలోమీటర్లు పెడితే ఒక పిక్సెల్ 2 మీటర్లు. అదే బొమ్మలో 16 కిలోమీటర్లు కుక్కితే 4 మీటర్లు, ఒక లేన్ వెడల్పు ఒక్క పిక్సెల్ కూడా నింపదు, గల్లీలు మాయం. బొమ్మని ముక్కలుగా చేసి జూమ్‌ని బట్టి తెచ్చుకోండి. స్కేలు గీత పొడుగుని బొమ్మలో అచ్చు వేయకండి, గీసేటప్పుడు లెక్కగట్టండి. అసలు రోడ్డుకో స్కేలున్న మ్యాప్‌లో ఆ గీత పూర్తి నిజం చెప్పదు కాబట్టి, నేనైతే తీసేసి, వేలు పెట్టిన చోటికి ఎన్ని నిమిషాలో చూపిస్తా.

ఆన్‌లైన్ మ్యాప్ స్క్రీన్‌షాట్ మీద రోడ్లు గీసేవాళ్లకి ఒక హెచ్చరిక. అవి మెర్కేటర్ ప్రక్షేపంలో (గుండ్రటి భూమిని చదునుగా గీసే ఒక పద్ధతి) ఉంటాయి, భూమధ్యరేఖ నుంచి పైకి పోయేకొద్దీ సాగుతాయి. హైదరాబాదు 17.4 డిగ్రీల దగ్గర ఆ సాగుడు దాదాపు 5 శాతం, ఢిల్లీ దగ్గర 14 శాతం. ఇక్కడ సరిచేసుకున్న పిక్సెల్ లెక్కనే ఢిల్లీ దాకా పట్టుకుపోతే అక్కడి దూరాలు దాదాపు 9 శాతం ఎక్కువ వస్తాయి. వరంగల్ దాకా అయితే పట్టించుకోనక్కర్లేదు, దేశమంతా పెంచే ఆలోచన ఉంటే మాత్రం ముందే లాంబర్ట్ శంకు ప్రక్షేపానికి మారండి. యూరో ట్రక్, అమెరికన్ ట్రక్ రెండూ దాన్నే వాడుతున్నాయి.

అడుగు 9: డబ్బులు, డీజిల్, గడువులు

వరంగల్ లోడుకి కిలోమీటరుకి 20 రూపాయలనుకుంటే 2,900. అమెరికన్ ట్రక్‌లా మ్యాప్ మొదట 1:35లో ఉందనుకుంటే 80 వేగంతో మూడు నిమిషాల పని, అంటే నిమిషానికి సుమారు 930. 1:20కి మార్చాక తెర మీద అదే 145 కిలోమీటర్లు, అదే 2,900, కానీ ఐదున్నర నిమిషాలు, నిమిషానికి 530. ఎవరి జీతమూ కోయలేదు, అయినా ఆటగాడి సంపాదన 43 శాతం పడిపోయింది. రేటు పెంచుతారో, పెంచకుండా బండి ధరలు తగ్గిస్తారో మీ ఇష్టం, చూసుకోకుండా మాత్రం వదలకండి. డీజిల్‌ని తెర మీది కిలోమీటర్లతో కట్టండి. ఫాస్ట్ ట్రావెల్ ధర నిమిషాలతో కడితే మేలు, ఎందుకంటే అక్కడ ఆటగాడు కొనుక్కునేది సమయాన్నే.

అడుగు 10: పాత సేవ్‌లు

సేవ్ ఫైల్‌లో మ్యాప్ వెర్షన్ నంబర్ లేకపోతే, పెంచడానికి ముందే ఒక చిన్న అప్‌డేట్‌తో చేర్చేయండి. బండి స్థానాన్ని x, y, zగా కాకుండా "ఫలానా రోడ్డు ముక్క, దాని మీద 40 శాతం దూరంలో" అని దాస్తే, రోడ్డు సాగినా వంగినా బండి రోడ్డు మీదే ఉంటుంది. ఆ వీలు లేని పాత సేవ్‌లకి బండిని దగ్గర్లోని గ్యారేజీకి పంపి, సగంలో ఉన్న లోడు రద్దు చేసి, దాని డబ్బు ఇచ్చేయండి. ఆటగాడు తిట్టుకుంటాడు, కానీ ఫ్లైఓవర్ దిమ్మెలో ఇరుక్కుంటే తిట్టేదానికన్నా తక్కువే.

అడుగు 11: నడిపి చూడండి

అడుగు 3లో వేసిన పట్టిక తీసి, ప్రతి జంటకీ స్టాప్‌వాచ్ పెట్టి నడపండి. మీరు నడపకండి, మ్యాప్ చూడనివాడికి ఇవ్వండి, మీకు మలుపులన్నీ కంఠతా వచ్చు. అతను ఎక్కడ ఫోన్ తీశాడో రాసుకోండి, అది సాగతీత. ఎక్కడ "అప్పుడే వచ్చేసిందా" అన్నాడో రాసుకోండి, అది ఇరుకు. ఆ రెండు చోట్ల రోడ్డు ముక్కలకే అంకె మార్చండి, 7 ఉన్నచోట 6 పెట్టి, నేల కూడా ఆ మేరకి జరిపి, జీపీఎస్ మొత్తం ఎంతొస్తుందో చూసి, మళ్లీ అదే మనిషికి కాకుండా కొత్తవాడికి స్టీరింగ్ ఇవ్వండి.